ఖాళీ గదిలో తిరిగిన ఫ్యాన్లు

నా బిడ్డకు ఎనిమిది నెలలు నిండిన ఎండాకాలంలో మా అత్తమ్మ, నేను స్విచ్చు దగ్గర కొట్లాడుకున్నాం. నేను ఫ్యాన్ వేసేదాన్ని, ఆమె వచ్చి ఆపేది. నేను మళ్లీ వేసేదాన్ని. మాటా పలుకూ లేదు. టక్ మన్న చప్పుడొక్కటే. అది వినబడితే చాలు, నాకు ఒళ్లు మండిపోయేది.

ఎనభైల మొదట్లోని సంగతి ఇది. వరంగల్ స్టేషన్ వెనక గల్లీలో మాది రేకుల ఇల్లు. పొద్దున తొమ్మిదింటికే రేకులు కాగిపోయి, అర్రలో గాలి అన్నం కుండ మూత తీసినట్టు మొహానికి కొట్టేది. పిల్ల మెడ కింద, చంకల్లో చెమటకాయలు ఎర్రగా లేచాయి. పాలు తాగుతూ తాగుతూనే మెడ రుద్దుకుని ఏడ్చేది. ఇంట్లో ఉన్నది ఒక్కటే ఫ్యాను. మా ఆయన గంజ్‌లో ఒక ధాన్యం దుకాణంలో గుమాస్తా. రెండు దసరాల బోనసు కలిపి కొన్న ఫ్యాను అది.

ఆ ఏడు కరెంటు రేటు పెంచారు. పెంచుతారని పేపర్లో వచ్చింది, పెంచారని రేడియోలో చెప్పారు. అయినా బిల్లు చేతికి వచ్చేదాకా అదేమిటో మాకు తెలియలేదు. మా ఆయన గడపలో నిలబడి దాన్ని వెనకా ముందూ తిప్పాడు. మాదేనా, పక్కింటిదా అని పేరు చూసుకున్నాడు. అత్తమ్మకు చదువు రాదు. ఆమె కాయితం వైపు చూడలేదు, కొడుకు మొహం చూసింది. అంతే, ఆ రోజు నుంచి ఇంటి పెత్తనం స్విచ్చుబోర్డు మీదికి మళ్లింది.

వంటింట్లో లైటు బుగ్గ తీసి పాత గుడ్డలో చుట్టి గూట్లో పెట్టింది. పొద్దుండగానే వంట కావాలన్నది. మా ఆయన అంగీలకు ఇస్త్రీ బందయింది. మడతలు పడ్డ అంగీతోనే దుకాణానికి పోయేవాడు. గల్లీలో అందరిదీ ఇదే గతి. నల్లా దగ్గర బిందెలు పెట్టుకుని ఆడవాళ్లు మాట్లాడుకునేది ఒక్కటే ముచ్చట. మా ఎదురింట్లో కిరాణం షాపు సావుకారి భార్య ఉండేది. గల్లీ మొత్తానికి ఫ్రిజ్ ఉన్నది వాళ్లింట్లోనే. ఆమె కూడా దాన్ని బంద్ చేసి, అందులో పప్పు డబ్బాలు సర్దుకుంది.

రేటు పెంచినవాళ్లెవరో మాకు కనబడరు. కనబడేది ఇంట్లో మనిషే. అందుకే మేము ఇంట్లో మనుషుల మీద పడ్డాం. అత్తమ్మ నా మీద, నేను ఆమె మీద, ఇద్దరం కలిసి మా ఆయన మీద. ఆ నెలంతా నేను తిట్టాల్సిన వాళ్లను వదిలిపెట్టి ఒక ముసలామెను మనసులో తిట్టుకుంటూ బతికాను. అది తలచుకుంటే నాకు ఇప్పటికీ మంటగా ఉంటుంది.

రోహిణి కార్తె ఎండల్లో ఒక మధ్యాహ్నం పిల్ల ఒళ్లు కాలిపోయింది. తాగిన పాలు తాగినట్టే కక్కింది. కళ్లు లోపలికి పోయాయి. మా ఆయన దుకాణంలో ఉన్నాడు. తడిగుడ్డ చుట్టి, రిక్షా పిలిచి దవాఖానకు ఉరికాను. డాక్టరమ్మ మందు పోసి, సాయంత్రం దాకా ఉంచుకుని, "వడ తగిలింది. గాలాడే చోట పడుకోబెట్టాలి. లేకపోతే మళ్లీ ఇక్కడికే వస్తారు," అన్నది.

ఇంటికి వచ్చేసరికి అత్తమ్మ దర్వాజలో నిలబడి ఉంది.

"ఏమన్నది బిడ్డా డాక్టరమ్మ?"

"గాలి కావాలన్నది! నువ్వు బంద్ జేసే గాలి! నీ మనుమరాలి కన్నా ఆ కాయితం ఎక్కువైందా నీకు? ఇది సచ్చిపోతే బిల్లు తక్కువొస్తది, అప్పుడు నీ కడుపు సల్లబడతదా?"

గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. అత్తమ్మ లోపలికి పోయి ఫ్యాన్ వేసింది. ఆ గాలి చాలదన్నట్టు ఒక అట్ట ముక్క తీసుకుని పిల్ల పక్కన కూర్చుని విసురుతూనే ఉంది. చాలాసేపటికి, నా వైపు చూడకుండా మాట్లాడింది.

"నేను ఈ ఇంటికి వచ్చినప్పుడు గల్లీల కరెంటు లేకుండె. స్తంభానికి గుంత తవ్వెటోళ్లకు నేనే అంబలి పోసిన. కరెంటొస్తే దీపం పొగల కండ్లు పోకుంట వండుకోవచ్చని మురిసిన. ఇయ్యాల నా చేతులతోని నేనే బుగ్గ పీకిన." అట్ట ముక్క చేయి మార్చుకుంది. "పిల్ల జర తేరుకోని. పోయి అడుగుదాం."

"ఎవల్ని?"

"పెంచినోళ్లని."

మూడో రోజు పొద్దున్నే బయల్దేరాం. ఆమె నాలుగిళ్ల తలుపులు తట్టింది. సావుకారి భార్యతో, మా ఇద్దరితో కలిపి మొత్తం ఏడుగురం ఆడవాళ్లం. ఎవరి బిల్లు వాళ్ల చేతిలో ఉంది. పాలు తాగే పిల్లను వదిలిపోలేక నేను చంకన వేసుకున్నాను. హన్మకొండ బస్సులో కూర్చోవడానికి చోటు దొరకలేదు. కరెంటాఫీసు ముందు దిగేసరికి ఆఫీసు ఇంకా తెరవలేదు.

పదింటికి వచ్చిన క్లర్కు మా బిల్లులు చూడకుండానే చెప్పాడు. "రేటు మేం పెంచలేదమ్మా. పైనోళ్లు పెంచిండ్రు."

"పైన అంటే ఎవలయ్యా?" అత్తమ్మ అడిగింది.

"హైదరాబాద్‌ల."

"హైదరాబాద్‌ల ఎవలు?"

"గవర్నమెంటు."

"గవర్నమెంటుకు మొకం ఉంటది గద బిడ్డా. పేరుంటది. గా మనిషెవలో చెప్పు, ఆడికే పోతం."

క్లర్కు విసుక్కున్నాడు. "పెద్దసారు మీటింగుకు పోయిండు. వచ్చినంక ఆయన్నే అడుగుండ్రి," అని రిజిస్టరు తెరిచాడు. మేము వరండాలో నేల మీద కూర్చున్నాం. పదకొండయింది. పన్నెండు దాటింది. వరండాలో గాలి లేదు. పిల్ల నా భుజం మీద తడిగుడ్డలా వేలాడుతోంది.

మా ఎదురుగానే పెద్దసారు గది, తలుపు బార్లా తెరిచి ఉంది. లోపల మనిషి లేడు. కుర్చీ ఖాళీ. దానికి సరిగ్గా పైన ఒక ఫ్యాను, ఎదుటి కుర్చీలకు పైన ఇంకొక ఫ్యాను, రెండూ రయ్యిమని తిరుగుతున్నాయి. కిటికీలోంచి ఎండ బల్ల మీద పడుతుంటే పైన ట్యూబులైటు వెలుగుతోంది. రెండు గంటలు మేము దాన్ని చూస్తూ కూర్చున్నాం.

అత్తమ్మ లేచింది. కొంగు నడుముకు బిగించి, చెప్పులు బయట వదిలి గదిలోకి పోయింది. మూడు స్విచ్చులూ టక్ టక్ మని ఆపింది.

అటెండరు ఉరికొచ్చాడు. "ఏయ్ అవ్వా! ఏం జేత్తానవ్? ఎవలు రమ్మన్నరు లోపలికి?"

"లోపల ఎవల్లేరు గద బిడ్డా. ఎవలికి గాలి?"

"సారొచ్చేసరికి గది సల్లగుండాలె!" అతను మళ్లీ వేశాడు. ఆమె ఆపింది. అతను వేశాడు. ఆమె ఆపి, స్విచ్చుబోర్డుకు వీపు ఆనించి అక్కడే నేల మీద కూర్చుంది. "మా ఇంట్ల పసిపోరికి గాలి లేదు. ఈడ కుర్చీకి గాలి పోత్తాన్రా? అది మేం గట్టిన సొమ్ముతోని గాదా?"

మేమందరం గదిలోకి పోయి ఆమె చుట్టూ నిలబడ్డాం. నెల రోజులుగా ఏ చెయ్యి స్విచ్చు మీద కనబడితే నాకు కోపం వచ్చిందో, ఆ చెయ్యి పట్టుకుని నిలబడాలనిపించింది.

అప్పుడే పెద్దసారు వచ్చాడు. నలభై దాటిన మనిషి, చేతిలో బ్యాగు. అటెండరు చెప్పింది విని మా వైపు చూశాడు. ఒకరి ముఖమైనా విడిగా చూడలేదు.

"రేట్లు నా చేతిలో లేవు. ఉన్నా తగ్గించను. భరించలేనివాళ్లు ఫ్యాన్లు ఎందుకు కొంటారు? మీ అమ్మమ్మల కాలంలో ఫ్యాన్లున్నాయా? విసనకర్రలతో బతకలేదా?"

పదో తరగతి దాకా చదువుకున్నదాన్ని. ఆఫీసర్లతో ఎలా మాట్లాడాలో పొద్దుట్నుంచి మనసులో పేర్చుకున్నాను. ఆ మాటలన్నీ పోయాయి. నేను బల్ల దగ్గరికి నడిచి, ఫైళ్లు ఒక పక్కకు జరిపి, భుజం మీది గుడ్డ పరిచి పిల్లను దాని మీద పడుకోబెట్టాను. గోడ దగ్గరికి పోయి ఫ్యాను స్విచ్చు నేనే వేశాను.

"ఇది ఈడనే ఉంటది సార్. ఎండలు తగ్గినంక వచ్చి తీస్కపోత."

"ఏంటమ్మా ఈ అఘాయిత్యం! తీయండి ముందు!"

"తియ్య."

పిల్ల తిరుగుతున్న ఫ్యాను వంక కాసేపు చూసింది. కాళ్లు రెండుసార్లు తన్నుకుంది. కళ్లు మూసుకుంది. మా ఇంట్లో నెల రోజులుగా పగలు కునుకు తీయని పిల్ల, ఆ సర్కారు బల్ల మీద రెండు నిమిషాల్లో నిద్రపోయింది. అది చూస్తుంటే నా కోపం ఏడుపైంది. ఏడ్చాను, కానీ కదల్లేదు.

సారు మళ్లీ గొంతు పెంచబోయాడు. ఇందాక అత్తమ్మ మీద అరిచిన అటెండరే మెల్లగా, "పిల్ల పండుకున్నది సార్," అన్నాడు.

సారు నిలబడిపోయాడు. కూర్చోవాలంటే ఎదురుగా పిల్ల. చివరికి, "సరే, అర్జీ రాసివ్వండి. మీటర్లు చెక్ చేయిస్తాను, మీ విషయం పైకి పంపిస్తాను," అన్నాడు.

రాసింది నేను. 'దయతో' అని మొదలుపెట్టి పైకి చదివాను. అత్తమ్మ ఆపింది.

"దయ ఎందుకే? మనం బిచ్చం అడుగుతలేం. కొట్టెయ్యి. అడుగుతున్నం అని రాయి. జవాబు కావాలె అని రాయి."

కొట్టేసి రాశాను. ఏడుగురిలో నలుగురు వేలిముద్రలు వేశారు. అర్జీ అందినట్టు ఆఫీసు ముద్ర కొట్టేదాకా అత్తమ్మ క్లర్కు బల్ల ముందు నుంచి కదల్లేదు. నేను పిల్లను ఎత్తుకునేసరికి పిల్ల లేచి ఏడ్చింది.

తిరుగు బస్సులో మేమందరం పగలబడి నవ్వాం. గల్లీ మలుపులో నిలబడి ఒకమాట అనుకున్నాం. జవాబు వచ్చేదాకా ఎవరూ బిల్లు కట్టొద్దు.

మీటరు చూసేవాడు వారానికి వచ్చాడు. "మీటర్లు మంచిగనే తిరుగుతున్నయ్," అని రాసుకుని పోయాడు. అర్జీకి జవాబు రాలేదు. ఆఖరు తేదీ రోజున సావుకారి భార్య వచ్చి మా గడపలో నిలబడింది. "షాపుకు గూడ గదే లైను వదినా. కట్టక తప్పలే," అంటూ కొంగుతో మూతి తుడుచుకుంది. మిగిలిన ఐదిళ్లం కట్టలేదు.

ఇంకో పది రోజులకు నిచ్చెన వేసుకుని లైన్‌మన్ వచ్చాడు. ముందు మా ఇంటి తీగే కత్తిరించాడు. దిగి, మంచినీళ్లు అడిగి తాగాడు. "నా ఇంట్ల బిల్లు గూడ గిట్లనే ఉన్నదత్తా. కానీ నౌకరి," అన్నాడు. ఆ తర్వాత మిగతా నాలుగిళ్లవి కత్తిరించాడు.

కందిలి దీపం బయటికి తీశాం. దాంట్లో పోసే గ్యాసునూనె రేషన్‌లో దొరికింది ఐదు రోజులకే అయిపోయింది. వానలు ఇంకా పడలేదు. అత్తమ్మ, నేను వంతులు వేసుకుని పిల్లకు విసిరాం. ఆమె కునుకు తీస్తే నేను, నేను వంట చేస్తే ఆమె. ఆ రోజుల్లో మా ఇద్దరి మధ్య ఒక్క గట్టి మాట రాలేదు.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం బుగ్గ వెలిగింది. మా ఆయన దుకాణం నుంచి తొందరగా వచ్చి, గోడ వైపు తిరిగి అంగీ విప్పుతున్నాడు.

"కట్టినవా కొడుకా?" అత్తమ్మ అడిగింది.

"కట్టిన. జుర్మానతోని కలిపి. పిల్లకు మళ్లా వడ తగిలితే ఎవలు పట్టుకోవాలె అమ్మా? వాళ్లు వచ్చి పట్టుకుంటరా?"

నేను అతన్ని అనరాని మాటలన్నాను. అత్తమ్మ చెప్పులు వేసుకుని బయటికి నడిచింది. ఎటు పోతుందోనని పిల్లను ఎత్తుకుని వెంట పోయాను. ఆమె కరెంటు లేని నాలుగిళ్లకూ పోయింది. ప్రతి ఇంటి ముందూ నిలబడి ఒకే మాట చెప్పింది. "మా ఇంట్ల కట్టిండ్రు. నా మాట మీద మీరు చీకట్ల కూసోవద్దు. మీ ఇష్టం."

మూడిళ్లవాళ్లు తల ఊపారు. నాలుగో ఇంటామె మాత్రం గడప దాటి వచ్చింది. "నువ్వే తీస్కపోతివి. నువ్వే ఇడిసిపెడితివి. ఇయ్యాల మా మొకాలేం గావాలె?"

నేను జవాబు చెప్పబోయాను. అత్తమ్మ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"ఔ బిడ్డా. నిజమే," అన్నది.

మరునాడు నాలుగిళ్లవాళ్లూ కట్టారు. ఏడాది తిరిగేసరికి రేటు మళ్లీ పెరిగింది. ఈసారి ఎవరూ ఎవరి తలుపూ తట్టలేదు. ఎవరి బిల్లు వాళ్లం పట్టుకుని, బిల్లులు కట్టే కిటికీ ముందు ఎండలో, ఒకరి వెనక ఒకరం నిలబడ్డాం. నాలుగో ఇంటామె నా ముందే ఉంది. వెనక్కి తిరిగి చూడలేదు.