తడి పీచు పొగ

గౌస్ మొహిద్దీన్ మామ లెక్కలో ఈ లోకంలోని వస్తువులు రెండే రకాలు. సాంబ్రాణి పొగ పట్టినవి, ఇంకా పట్టాల్సినవి.

ప్రొద్దుటూరులో మా బజారుకు రోజూ తొమ్మిది గంటలకల్లా ఆయన వచ్చేస్తాడు. ఎడమ చేతిలో గొలుసుల ధూపపు కుండ, కుడి చేతిలో సగం ఈకలు రాలిన నెమలిపింఛం, నెత్తిన ఆకుపచ్చ తలగుడ్డ. అంగడి అంగడికీ పొగ వేసి, "అల్లా సల్లగ జూస్తాడు" అని దీవించి పోవడం వాళ్ల నాయన కాలం నుంచి వచ్చిన పని. ఆయన చేతికి వచ్చి నలభై ఏండ్లు దాటింది. అంగళ్లతో ఆగితే ఎవరికీ ఇబ్బంది లేదు. ఆయన ఆగడు. త్రాసుకు పొగ, తాళానికి పొగ. ఏటీఎం ముందు వరుసలో ఓపిగ్గా నిలబడి, వంతు వచ్చాక లోపలికి పోయి, మిషనుకు పొగ వేసి వచ్చేస్తాడు.

ఒకసారి పులివెందుల బస్సు కదలబోతుంటే ఎక్కి, వెనక సీటు దాకా పొగ వేసుకుంటూ పోయి, తిరిగి వేసుకుంటూ వచ్చాడు.

"ఏందప్పా ఇది, మేం మనుషులమనుకున్న్యావా, దోమలమనుకున్న్యావా?" అని కండక్టరు దగ్గుతూ అరిచాడు.

"పులివెందుల చేరేలోపల టైరు పంచరైతే నన్నడుగు!"

పంచరు కాలేదు. ఆ సంగతి మామ ఆరు నెలలు చెప్పుకున్నాడు. ఆ బస్సుకు అంతకుముందు కూడా పంచరు కాలేదని ఆయనతో అనడానికి ఎవరికీ మనసు రాలేదు.

నాది ఆ బజారులోనే పూజ సామాన్ల అంగడి. తొండూరు బడిలో చదివిన నాలుగు ముక్కలతో, పెండ్లయి ఈ ఊరొచ్చి, మా అత్త చేతి నుంచి అంగడి అందుకున్నాను. మామకు కావాల్సిన సరుకంతా నా దగ్గరే. ఆయన కొనడం కూడా మామూలుగా ఉండదు. సాంబ్రాణి గడ్డను వెలుతురుకు పెట్టి చూస్తాడు, గోటితో గీస్తాడు, ఆఖరుకు నోట్లో వేసుకుని నములుతాడు.

"మాధవమ్మా, ఇది సాంబ్రాణి గాదు. రంపప్పొట్టుకు సెంటు పూసినారు."

"మంచి కంపెనీది మామా. డబ్బా మీద దేవుని బొమ్మ కూడా ఉండాది."

"బొమ్మ మంచిదే. లోపలుండేది పొట్టు."

ఆయన కుండలో పడేవన్నీ చెట్టు నుంచి వచ్చినవే. సాంబ్రాణి, గుగ్గిలం, వట్టివేళ్ల ముక్కలు, ఎండిన మరువం. దర్గాలో వాడిన గులాబీ రేకులు, మా అంగట్లో వెంకటేశ్వరస్వామి పటానికి వేసిన నిన్నటి చామంతులు కూడా కలిపి ఎండబెట్టుకుంటాడు.

"దేవుని కాడ వాడిన పూలు చెత్తకుండీలో ఎయ్యకూడదు తల్లీ. పొగ జేసి మళ్లా పైకే పంపల్ల. ఎవరివి ఎవరికో వాళ్లే పంచుకుంటారు."

ఆ మాట విన్న నాటినుంచి ఆయన పొగ పడ్డాకే నేను దీపం పెడుతున్నాను.

ఒక్క విషయం మాత్రం నాకు అంతుపట్టేది కాదు. అప్పుడప్పుడు మా అంగట్లో కొబ్బరికాయలు ఒలిచిన పీచు ఒక గుప్పెడు తీసుకుని, ముంగిట్లో కుళాయి కింద తడిపి, పిండి, జేబులో వేసుకునేవాడు.

"ఎండు పీచు గదా మామా ఎవరన్నా ఏసేది? తడిది ఏస్తే జనానికి కండ్లు పోతాయి."

"నీకెందుకమ్మా? నీ గిరాకీ జూసుకో పో."

మామూలుగా అంగడికి నాలుగు విసుర్లు విసిరి పోయే మనిషి, ఉన్నట్టుండి ఏదో ఒక అంగడి ముందు పావుగంట నిలబడిపోయేవాడు. ఇక అంగడి కనపడదు, అంగట్లో మనిషి కనపడడు, దగ్గు మాత్రం వినపడుతుంది. వాళ్లకు అంత దిష్టి తగిలిందేమోనని కొందరు అనేవాళ్లు. మామకు వయసు మీదపడి, కదలడం మరిచిపోతున్నాడని ఇంకొందరు. ఒకసారి నాకూ ఆ పావుగంట పడింది. ఆ రోజు నేను ఆయన్ను తిట్టిన తిట్లు తలచుకుంటే ఇప్పటికీ స్వామి పటం వైపు చూడలేను.

అట్లాంటి మామకు బంగారు అంగడి ఆదినారాయణతో చెడింది.

ఆదినారాయణ మా బజారు అంగళ్లవాళ్ల సంఘానికి పెద్ద. నవ్వితే బంగారంలో తరుగు పోతుందన్నట్టుంటాడు. అంగడిని కొత్తగా కట్టించి, ఏసీ పెట్టి, పొగను కనిపెట్టే యంత్రమొకటి, దానికి తగిలించి పైకప్పులో నీళ్ల గొట్టాలు అమర్చాడు. ఆ సంగతి మామకు ఎవరూ చెప్పలేదు. జమ్మలమడుగు నుంచి పెండ్లి నగలకు వచ్చినవాళ్లు పదిమంది లోపలుండగా మామ అడుగుపెట్టి, "కొత్త అంగడికి గట్టిగా పట్టల్ల" అని రెండు గుప్పెళ్లు ఎక్కువ వేశాడు.

గంట గణగణమని మోగింది. పైకప్పు నుంచి వాన దిగింది.

పెండ్లివాళ్లు హారాలు మెడలో ఉండగానే బయటికి పరుగు. వాళ్ల వెనక గుమాస్తాలు పరుగు. మామ మాత్రం అంగడి నడుమ నిలబడి, మొహం పైకెత్తి, "యా అల్లా! రెండు నెలల్నుంచి మొగులే ల్యాదు, వానే ల్యాదంటిమి. ఈడ జూడండప్పా, ఇంట్లోపల కురుస్తాండాది!" అని ఆనందపడ్డాడు. పెండ్లివాళ్లలో ఒక ముసలమ్మ, వాన శుభశకునమని ఇంకో జత గాజులు తీసుకుంది. ఆ గాజుల సంగతి ఆదినారాయణ బయట ఎక్కడా చెప్పుకోలేదు.

ఆ సాయంత్రమే సంఘాన్ని పిలిచాడు.

"మామా, సోమవారం నుంచి నీ కుండ ఈ బజార్లో ఏ గడపా దాటకూడదు."

"నలభై ఏండ్లుగా దాటుతాండాది గదప్పా."

"అప్పుడు ఏసీలు ల్యావు."

"దిష్టి ఉన్నింది గదా?"

"దిష్టి ఉన్నా ఫరవాల్యా. వాన వద్దు."

మేమందరం తలలు వంచుకున్నాం. మామ పింఛం చంకలో పెట్టుకుని, మాకందరికీ సలాం చేసి పోయాడు. కుండ పట్టుకోకుండా ఆయనకు తెల్లవారేదెట్లా అని ఆ రాత్రంతా అనుకుంటూనే ఉన్నాను.

ఆ ఆదివారమే ఆదినారాయణ కూతురు ప్రసూన పెండ్లి. ఒక్కతే బిడ్డ. బళ్లారికి ఇచ్చారు. అప్పగింతలప్పుడు వాళ్లమ్మ ఈశ్వరమ్మ ఏడ్చింది, చుట్టాలు ఏడ్చారు, వడ్డించేవాళ్లు కూడా గరిటెలు పట్టుకుని ఏడ్చారు. ఆదినారాయణ మాత్రం కారు డిక్కీ సరిగా మూసుకుందా లేదా అని మూడుసార్లు వేసి తీసి చూశాడు. మరుసటి రోజు తొమ్మిదికల్లా అంగడి తెరిచాడు. మొహం సున్నం కొట్టిన గోడలా ఉంది. త్రాసును తిట్టాడు, ఏసీని తిట్టాడు, ఉంగరం కొనడానికి వచ్చిన మనిషిని కూడా తిట్టాడు.

అప్పుడు మా అంగడి ముందుకొచ్చాడు మామ, కుండతో సహా. గుప్పెడు కాదు, ఒక కాయ పీచు మొత్తం తీసుకుని కుళాయి కింద పెట్టాడు.

"ఎవరికి మామా అంత?"

"ఆదినారాయణకు."

"ఆయప్ప నిన్ను రావద్దన్న్యాడు గదా!"

"గడప దాటొద్దన్న్యాడు. గాలిని దాటొద్దనల్యా."

పోయి బంగారు అంగడి మెట్టు కింద నిలబడి విసరడం మొదలుపెట్టాడు. ఆదినారాయణ అద్దాల తలుపు తోసుకుని బయటికి దూకాడు.

"చెవుడా మామా నీకు? చెప్పింది ఇనపల్యా? ఏం పొగ ఇది..."

అంతే, పొగ ఆయన్ను కప్పేసింది. తర్వాత మాటలే వినపడ్డాయి.

"కండ్లు మండుతాండాయి!"

"మండుతాయప్పా. శానా ఘాటు."

"ఎంతసేపు ఏస్తావు?"

"నీకు సాలేదాకా."

ఆ తర్వాత తిట్లు ఆగిపోయాయి. పొగ పలచబడినప్పుడు ఆదినారాయణ భుజాలు ఎగిరెగిరి పడుతుండటం కనిపించింది. వెంటనే మామ ఇంకో పిడికెడు పీచు వేశాడు. భుజాలు కూడా కనపడకుండా పోయాయి.

నా పావుగంట నాకప్పుడు గుర్తొచ్చింది. మా అమ్మ పోయి, దినాలు ముగిసి, అంగడి తెరిచిన మొదటి రోజది. గిరాకీ ముందు కండ్లు తుడుచుకోలేక పొద్దున్నుంచి బిగబట్టుకుని కూర్చున్నదాన్ని, ఆయన పొగను తిట్టుకుంటూ కడుపునిండా ఏడ్చేశాను. చూసినవాళ్లు "ఏం పొగమ్మా!" అన్నారే గాని, "ఏమైందమ్మా?" అనలేదు. బజారులో మనిషి ఏడవడానికి చోటెక్కడుంది? మామ ఆ చోటును కుండలో పెట్టుకుని తిప్పుతున్నాడు. పిచ్చిదాన్ని, పీచు నాదే అయినా నాకు తెలియలేదు.

పావుగంటకు పొగ విడిపోయింది. ఆదినారాయణ చొక్కా చేతితో మొహం తుడుచుకుని, గొంతు సవరించుకుని, బజారంతా వినపడేలా అన్నాడు.

"నీ పొగ పాడుగాను మామా! రేపట్నుంచి అందరి అంగళ్లకూ పో. నేను చెప్పినానని చెప్పు. నా కాడ మాత్రం ఈ మెట్టు కిందనే. లోపల వాన పడతాది."

"అట్లనేప్పా" అని మామ పక్కకు తిరిగి, ఆదినారాయణ స్కూటరుకు పొగ వేయడం మొదలుపెట్టాడు.

మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు ఆదినారాయణ మా అంగడికి వచ్చాడు. ఎప్పుడూ వచ్చిన మనిషి కాదు. అగరుబత్తీ కట్ట ఒకటి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు.

"మాధవమ్మా, ఆయప్ప తడిపే పీచు నీ అంగట్లోదేనా?"

"అవునన్నా."

"దసరాకు బిడ్డ వస్తాది. నాలుగు దినాలుండి మళ్లా పోతాది." కట్టను మళ్లా దాని చోట పెట్టాడు. "ఆమె పోయే పొద్దుకు రెండు కాయల పీచు ఎత్తిపెట్టు. నాకు గాదు. మా ఇంటామెకు."

"ఈశ్వరమ్మక్కకు ఒక కాయది సాలదా అన్నా?"

ఆయన మా పైకప్పు వైపు చూశాడు. అక్కడ గొట్టాలేమీ లేవు.

"రెండూ ఎత్తిపెట్టమ్మా" అని, ఆ రోజుకు తరుగు పోయినా ఫరవాలేదన్నట్టు నవ్వాడు.