చేతులు జోడించిన మాట

ఎర్రగుంట్ల దగ్గర బండల ఫ్యాక్టరీలో కొత్త పాలీషు మిషను బిగించడానికి ఇటలీ నుంచి ఒకాయన వచ్చాడు. ఆయన ఉన్నన్నాళ్ళూ వండిపెట్టే పని నాకు దొరికింది. మా ఆయన అదే ఫ్యాక్టరీలో చేతి మిషనుతో బండలు నున్నగా చేసేవాడు. పెద్ద మిషను వస్తే ఆయన్ను ఉంచుతారో పంపుతారో అని నాకు లోపల ఒకటే గుబులు.

మొదటి రోజు ఉగ్గాని, మిరపకాయ బజ్జీ పెట్టాను. ఒక్క కొరుకుకే ఆ మనిషికి కళ్ళల్లోంచి నీళ్ళు కారిపోయాయి.

"ఏమప్పా, మీ అమ్మ గుర్తుకొచ్చిందా?" అన్నాను.

ఆయన ఫోను ఆ మాటను వాళ్ళ భాషలో చెప్పింది. పడీపడీ నవ్వాడు. వాళ్ళమ్మ బళ్ళో పాఠాలు చెప్పేదట. అప్పటి నుంచి ఆ ఫోనే మా ఇద్దరికీ నోరు. దాని తెలుగు మటుకు టీవీలో వార్తలు చదివినట్టుండేది.

మిషను మొదటిసారి తిరిగిన రోజు ఇటలీ ఆయనకు అన్నం తీసుకుపోయాను. మూణ్ణెల్లకొకసారి మేస్త్రీ కూలివాళ్ళను షెడ్డు ముందు నిలబెట్టి, ఎవరు ఉండాలో ఎవరు పోవాలో చెప్పేవాడు. ఆ సాయంత్రమే ఆ గడువు. ఉండబట్టలేక అడిగేశాను.

"మా ఆయప్ప పని ఉంటాదా, పోతాదా? నిజం చెప్పప్పా."

ఆయన "ప్రెకారియో" అన్నాడు.

"అస్థిరమైనది, భద్రత లేనిది" అంది ఫోను.

నాకు తలకెక్కలేదని చూసి, గ్లాసు అంచు మీద పళ్ళెం పెట్టి వేలు తీశాడు. పళ్ళెం ఊగింది. చప్పున పట్టుకున్నాను. ఆయన తన గుండె మీద వేలు పెట్టుకొని మళ్ళీ అదే మాట అన్నాడు. ఈ పని అయిపోతే, ఇంకొకరు పిలిచేదాకా ఆయనకూ పని లేదట.

"విమానమెక్కి వచ్చినోనివి, నీకూ ఇదేనా?"

అప్పుడు వాళ్ళమ్మ చెప్పిన సంగతి చెప్పాడు. ఆ మాట పుట్టిన పాత భాషలో దానికి అర్థం, మొక్కి అడిగి తెచ్చుకున్నది అని. ఇచ్చినవాడు ఎప్పుడైనా తీసేసుకోవచ్చునట. అది చెబుతూ రెండు చేతులూ జోడించాడు.

సముద్రాల అవతల, మా షెడ్డు ముందు నిలబడే మనుషులను చూసి ఈ మాట చేసిందెవరు? రోకలికి కప్పను కట్టుకొని వాన కోసం ఇల్లిల్లూ తిరిగిన మా అమ్మ కళ్ళ ముందుకొచ్చింది. మేము తిన్న పంటంతా అట్లా అడిగి తెచ్చుకున్నదే కదా! ఇంత బతుకు ఒక్క మాటలో ఎట్లా పట్టిందో! సాయంత్రం దాకా దాన్ని బెల్లంముక్కలా నోట్లోనే తిప్పుకుంటూ ఉన్నాను.

పొద్దు వాలాక టీ తీసుకొని గేటు దగ్గరికి పోయాను. షెడ్డు ముందు వరుస. చివర్లో మా ఆయన. ఎన్నోసార్లు చూసిన వరుసే. అందరి చేతులూ జోడించి ఉంటాయని ఆ రోజే కనిపించింది. ఇటలీ ఆయన కూడా చేతుల జిడ్డు తుడుచుకుంటూ వచ్చి నా పక్కన నిలబడ్డాడు.

మేస్త్రీ ఒక్కొక్కరికీ ఏదో చెబుతూ చివరికి వచ్చాడు. మా ఆయన తలూపి, నా వైపు నడిచి వచ్చాడు.

"కొత్త మిషనుకు బండలెత్తే పనికి ఉండమన్యాడు మే. మళ్ళా మూణ్ణెల్లు."

"ఇంక చేతులు దించయ్యా" అన్నాను.

అవి ఇంకా జోడించే ఉన్నాయని ఆయనకే తెలియదు.