తొమ్మిది పౌండ్ల తుపాకీ

మా బావ ఆర్లిస్ నేపియర్ కుడి చేతికి మూడు వేళ్లే ఉండేవి. మధ్యవేలు, ఉంగరం వేలు బొగ్గు గనిలో కప్పు నుంచి జారిన రాయి కింద పోయాయి. అప్పటికి ఆయనకు నలభై ఒకటి. మూడు నెలలు తిరక్కుండానే మళ్లీ గనిలోకి దిగాడు గానీ అడవిలో మాత్రం ఆ చేత్తో ఇబ్బంది పడ్డాడు. వాళ్ల నాన్న ఇచ్చిన పాత తుపాకీకి గుండు గుండుకీ కమ్మీ వెనక్కి లాగాలి. ఆయన లాగేలోపు ఉడుత ఇంకో కొమ్మ మీద ఉండేది.

మా లోయలో ఒకాయన ఒహాయోలో పని దొరికి ఇల్లు ఖాళీ చేస్తుంటే, బావ ఆయన దగ్గర నూటపది డాలర్లకు ట్వెంటీటూ అనే సన్న గుండ్ల తుపాకీ కొన్నాడు. ట్రిగ్గర్ నొక్కడం ఒక్కటే మన పని, తర్వాతి గుండు దానంతటదే ఎక్కుతుంది. దాన్ని వంటింటి బల్ల మీద పెట్టినప్పుడు నేనూ అక్కడే ఉన్నాను.

"కారు టైర్లు అరిగి నున్నగా అయిపోయాయి. వాటికి లేని డబ్బు దీనికెక్కడిదయ్యా?" అంది మా అక్క ఒనైడా.

"టైర్లతో ఉడుతల్ని కొట్టలేం కదే."

"నువ్వు దేంతోనూ కొట్టలేవులే."

అక్క చెప్పింది అబద్ధమని ఆమెకీ తెలుసు. బావ గురి మా లోయలో అందరూ ఎరిగిందే.

కొన్న వస్తువును కొన్నట్టే వాడే రకం కాదు ఆయన. ఆ తుపాకీకి మంచి చెక్క, బరువైన బ్యారెల్ బిగిస్తే చేతిలో కదలకుండా నిలుస్తుందని ఆయన లెక్క. దుకాణాల వాళ్లు పంపే పుస్తకంలో అలాంటి చెక్క ఖరీదు చూశాడు. అది తుపాకీ ఖరీదుకు రెండింతలుంది. పుస్తకం మూసేశాడు. ఆ వేసవిలోనే రోడ్డు వెడల్పు చేస్తూ ఒక ముసలి వాల్‌నట్ చెట్టును కొట్టేశారు. బావ ఆ పనివాళ్లను బతిమాలి ఒక మొద్దు తెచ్చి, పలకగా కోయించి, ఆరడానికి తన షెడ్డు దూలాల మీద పెట్టాడు. అది ఆరడానికి మూడేళ్లు పట్టింది. ఈలోగా శరదృతువులో కొండెక్కి మందుకు వాడే జిన్‌సెంగ్ వేళ్లు తవ్వి, ఎండబెట్టి, వారపు సంతలో ఒకడికిచ్చి దానికి బదులు లావుపాటి బ్యారెల్ తీసుకున్నాడు. ఎవరో ఇంటి సామాన్లు అమ్ముకుంటుంటే ఆరు డాలర్లకు తుపాకీ మీద బిగించే దుర్భిణి దొరికింది. దాని అద్దానికి ఒక మూల బూజు ఉంది. "ఆ మూలకు ఉడుత రాకపోతే చాలు" అనేవాడు.

పలక ఆరాక ఒక చలికాలమంతా చెక్కాడు. చేత్తో పట్టుకునే చోటు తన మూడు వేళ్లకు సరిపోయేలా లోతు తీశాడు. అవిసె నూనె పద్నాలుగు పూతలు పూశాడు. అంతా బిగించి బంగాళాదుంపలు తూచే కొక్కేనికి తగిలిస్తే తొమ్మిది పౌండ్లు తూగింది. ఆ చెక్క మీద వెలుగు పడితే లోపల పొగ కదిలినట్టు ఉండేది. నేను చాలా తుపాకులు చూశాను. అంత అందమైనది మళ్లీ చూడలేదు.

ఫైర్ స్టేషన్ వాళ్లు ఏటా నవంబర్లో గురి పోటీ పెట్టేవాళ్లు. గెలిచినవాడికి ఉప్పులో ఊరబెట్టిన పంది తొడ ఇచ్చేవారు. బావ వరసగా రెండేళ్లు గెలిచాడు.

"దానికి చక్రాలు పెట్టించు ఆర్లిస్, లాక్కుపోవచ్చు" అన్నాడు ఓడిపోయినవాళ్లలో ఒకడు.

"ఇంటికి పంది తొడ మోసుకెళ్లాలి కదా. దీంతో అలవాటు పడుతున్నా" అన్నాడు బావ.

మూడో ఏడు ఆయన పోటీకి రాలేదు. పడిశం పట్టిందన్నాడు.

మరుసటి ఆగస్టులో వేట మొదలైన రోజు ఇద్దరం కొండెక్కాం. సగం దారిలో బావ ఆగి ఒక హికరీ చెట్టు మొదట్లో ఉడుతలు కొరికిన కాయ తొక్కలేవో పరీక్షగా చూస్తున్నాడు. నేనూ చూశాను. కొత్తవేం లేవు. కాసేపు నడిచి మళ్లీ ఆగాడు. మూడోసారి ఆగినప్పుడు ఆయన చూస్తున్న చెట్టు కింద అసలు తొక్కలే లేవు. ఊపిరి అందక ఆగుతున్నాడని నాకప్పుడు అర్థమైంది. ఆయన వయసు యాభై నాలుగు.

"ఇటివ్వు బావా, తుపాకీ నేను పట్టుకుంటా" అన్నాను.

"నా తుపాకీ నేను మోస్తా. నువ్వు నీ నోరు మూసుకుని నడువు."

ఎక్స్‌రేలో రెండు ఊపిరితిత్తులూ బొగ్గు దుమ్ముతో గట్టిపడ్డాయని తేలింది. కంపెనీ పంపిన డాక్టరు మాత్రం అది సిగరెట్ల వల్ల వచ్చిందని రాశాడు. బావ జీవితంలో సిగరెట్ ముట్టలేదు. పరిహారానికి అర్జీ పెడితే తిరగ్గొట్టారు, మళ్లీ పెడితే మళ్లీ తిరగ్గొట్టారు. ఆయన కోప్పడ్డం నేను చూడలేదు. షెడ్డులోకి వెళ్లి తుపాకీ విప్పదీసుకుని కూర్చున్నాడు.

ముందు లావుపాటి బ్యారెల్ తీసేసి, సన్నటి పాతది బిగించాడు. ఏడు పౌండ్లకు దిగింది. ఆ ఏడు కొండ సగం వరకూ వెళ్లాం. మరుసటి వేసవిలో దుర్భిణి కూడా తీసేశాడు. ఆ పై వేసవిలో చిత్రిక పట్టి కూర్చున్నాడు. తలుపు దగ్గర నిలబడి చూశాను. పద్నాలుగు పూతల చెక్క మీద చిత్రిక ఆడుతుంటే పేళ్లు చుట్టలు చుట్టుకుని ఒళ్లో పడుతున్నాయి. నాలుగుసార్లు తోసి ఒకసారి ఆగుతున్నాడు.

"అంత కష్టపడి చేసిందాన్ని ఏంటి బావా ఇది?"

"బాగుంది బాగుందని గోడకి తగిలిస్తే నాకేం లాభం? నా చేతికి లేవాలి" అన్నాడు. ఒళ్లో పేళ్లు దులుపుకుని, "నేను తగ్గుతున్నా. అదీ తగ్గాలి" అన్నాడు.

చెక్క లోపలి నుంచి తొలిచాడు, భుజానికి ఆనే చివర కోసేశాడు, కింది భాగం పలచన చేశాడు. చివరికి అది నాలుగు పౌండ్లు దాటలేదు. వాల్‌నట్ చెక్కలో ఉన్న అందమంతా పోయింది.

చివరి వేటకాలంలో ఆయన ముక్కుకు ఆక్సిజన్ పైపు ఉంది. పెరట్లో కుర్చీ వేసి కూర్చోబెట్టాం. తుపాకీ పేల్చే ముందు ఆక్సిజన్ కట్టేసి, సిలిండర్ దూరంగా జరపమని అక్క పట్టుబట్టింది. గురి చూసేవాడు సగం ఊపిరి వదిలి మిగతా సగం బిగబట్టాలి. బావకు బిగబట్టడానికి ఊపిరెక్కడుంది. మొదటి గుండు తప్పింది. రెండోది దానంతటదే ఎక్కి సిద్ధంగా ఉండబట్టి, ఉడుత కొమ్మ చివరికి చేరేలోపు కొట్టాడు. అక్క దాన్ని పులుసులా ఉడికించి మజ్జిగ రొట్టెలతో పెట్టింది. రెండు ముద్దలు తిని పళ్లెం పక్కకు నెట్టాడు. నమలడానికీ ఊపిరి కావాలి.

నవంబర్లో ఒక ఆదివారం అక్క చర్చికి వెళ్లినప్పుడు నాకు ఫోన్ చేశాడు. వెళ్లేసరికి తుపాకీ సంచిలో పెట్టి, గుళ్ల డబ్బా పక్కన పెట్టుకుని కూర్చున్నాడు.

"తీసుకుపో లాయిడ్."

"ఎక్కడికి బావా?"

"మీ ఇంటికి. తాళం వేసి పెట్టు." మాటకీ మాటకీ మధ్య చాలాసేపు ఆగుతూ చెప్పాడు. "వారమంతా బానే ఉంటాను. ఆదివారం మీ అక్క వెళ్లాక ఇంట్లో నేనూ అదీ మిగులుతాం. పోయిన ఆదివారం దాన్ని ఒళ్లో పెట్టుకున్నా. చాలా తేలిగ్గా ఉందిరా."

ఆయన మోకాలి మీద చెయ్యి వేసి కూర్చున్నాను.

"మీ అక్కకి చెప్పకు. చెప్తే చర్చి మానేసి నన్ను కాపలా కాస్తుంది. వారంలో ఆ రెండు గంటలే దానికి మిగిలినవి" అన్నాడు.

చెప్పనని మాటిచ్చాను. ఇక ప్రతి ఆదివారం ఏదో వంకతో నేనే వెళ్లి ఆయన పక్కన కూర్చున్నాను.

ఇంట్లో తుపాకీ లేదని అక్క రెండోరోజే గమనించింది. మా ఇంట్లో ఉందని తెలిసి నన్ను వరండాలో నిలబెట్టి అడిగింది.

"మనిషి ఇంకా కుర్చీలో కూర్చునే ఉన్నాడు. అంత ఆత్రమేంట్రా నీకు? ఆయనకి మిగిలిన వస్తువు అదొక్కటే."

కిటికీలోంచి బావ కనిపిస్తున్నాడు. మా మాటలు ఆయనకు వినిపిస్తూనే ఉన్నాయి. నేను చూస్తే కళ్లు మూసుకున్నాడు. నేను తల దించుకుని వచ్చేశాను.

ఫిబ్రవరిలో ఒక ఉదయం, అక్క జావ కలుపుతుండగా, బావ కుర్చీలోనే పోయాడు. ఆయన వయసు యాభై తొమ్మిది. అంత్యక్రియల్లో అక్క నా పక్కన నిలబడలేదు. మూడు నెలలు నాతో మాట్లాడలేదు. మే నెలలో పక్కింటావిడతో కబురు చేసింది: తుపాకీ అమ్మి డబ్బు తెచ్చివ్వు, సమాధికి రాయి పెట్టించాలి.

పట్నంలో తుపాకులు కొనే దుకాణానికి తీసుకెళ్లాను. యజమాని దాన్ని తిప్పి తిప్పి చూశాడు.

"మంచి వాల్‌నట్. ఎవడో తెలివితక్కువవాడు గీకి గీకి నాశనం చేశాడు. ఈ పట్టు మనిషన్నవాడి చేతికి సరిపోదు. నలభై ఇస్తా, లోపలి ఇనుముకి."

అతని తప్పేం లేదు. అయినా తుపాకీ వెనక్కి లాక్కున్నాను.

నేరుగా అక్క ఇంటికెళ్లాను. వంటింట్లో బీన్స్ ఈనెలు తీస్తోంది. ఎందుకు అమ్మలేదని అడిగింది. ఏదో చెప్పబోయి, దుకాణం వాడన్న మాట చెప్పేశాను. అది నోట్లోంచి వచ్చాక మిగతాది ఆగలేదు. ఆదివారం ఫోను, ఒళ్లో తుపాకీ, నేనిచ్చిన మాట, అన్నీ చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"ఎన్ని ఆదివారాలు?" అంది.

"నాకు తెలిసి ఒకటే అక్కా. తర్వాతవన్నీ నేనున్నాగా."

"నేనక్కడ పాటలు పాడుతూ కూర్చున్నా" అంది. "ఇంటికొస్తే ఎవరెవరొచ్చారు, ఏం పాడారు అని అన్నీ అడిగేవాడు. విసుక్కునేదాన్ని."

తర్వాత బీన్స్ సగం నా వైపు జరిపింది. ఇద్దరం కలిసి ఈనెలు తీశాం.

తుపాకీ అమ్మలేదు, రాయి ఇంకా పెట్టించలేదు. అంత్యక్రియల వాళ్లు పాతిన రేకు పలకే ఉంది. దాని మీది సిరా వానకు వెలిసిపోతే, పోయిన వారం అక్కే పెన్ను తీసుకెళ్లి పేరు మళ్లీ దిద్ది వచ్చింది.