మాస్టారి పూర్తి చిరునామా

ఆస్పత్రి కంప్యూటర్ గదిలో మాస్టారికి ఒకటే జబ్బు. ఏ వస్తువు ఎక్కడుందని అడిగినా చిరునామా మొదటినుంచి చివరిదాకా చెబితే గాని ఊరుకోరు. ఆయన చూసేది డేటాబేసుల పని. అయినా కత్తెర అడిగినవాళ్లకు కూడా పాఠం తప్పదు కనుక మాస్టారన్న పేరు ఖాయమైపోయింది.

"కత్తెరా? ఈ భవనం, రెండో అంతస్తు, మన గది, కిటికీకి ఎడమవైపు బల్ల, పై సొరుగు, జిగురు సీసా వెనకాల."

"మీ ముందున్న సొరుగులోనే ఉందని చెప్పొచ్చుగా మాస్టారూ!" అనేది మూడు నెలల క్రితం చేరిన కొత్తమ్మాయి.

"నేను లేచి వెళ్తే కత్తెర నా వెనకాలే వస్తుందా తల్లీ?"

ఇంటికి ఫోన్ చేసినా అదే తంతు. "కళ్లజోడు మర్చిపోయానే. మన ఇల్లు, మేడమీది గది, మంచం, తలగడ..." అంటూండగానే భార్య, "ముందు మీ ముక్కు తడుముకోండి" అని పెట్టేసేది. అది అక్కడే ఉండేది.

ఆ ఉదయం డేటాబేస్ సాఫ్ట్‌వేర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చే పని అమ్మాయికి అప్పగించారు. గంట తిరక్కుండానే ఎముకల డాక్టరు ఫోన్ చేశారు.

"పేషెంట్ల పేర్లున్నాయి, ఎక్స్‌రేలున్న చోట ఖాళీ గళ్లు! ఇక్కడ పెద్దాయన తుంటి ఆపరేషన్‌కి సిద్ధంగా ఉన్నాడు. పాపం, ఇప్పటికే రెండుసార్లు వాయిదా పడింది. పాత ఎక్స్‌రే చూడకుండా నేను కత్తి పట్టను. అరగంటే టైము."

అమ్మాయి మాస్టారి బల్ల దగ్గరికి పరుగెత్తింది. "ఎక్స్‌రేలన్నీ పోయాయా మాస్టారూ?"

"ఎక్కడికీ పోవు. డేటాబేస్‌లో ఉండేది వాటి చిరునామాలే. సెట్టింగులో ఎక్స్‌రేలుండే చోటికి దారి ఏమని రాశావు?"

"ఎక్స్‌రేల ఫోల్డర్ అని."

"ఎక్కడున్న ఫోల్డరు?"

అమ్మాయి నాలుక కరుచుకుంది. "పాతదాంట్లో ఇంత పొడుగు దారి ఉంది. మీ ధోరణే అనుకుని ముందరి ముక్కలు కత్తిరించేశాను."

దారి పూర్తిగా చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తానున్న చోటే వెతుక్కుంటుంది. కొత్తది కొత్త ఫోల్డర్‌లో దిగింది. చుట్టూ చూసి, ఏమీ లేవని చేతులెత్తేసింది.

"చూశావా, కత్తెర వెనకాలే రాలేదు," అన్నారు మాస్టారు. డిస్కు పేరు నుంచి మొదలుపెట్టి ఆయన చెబుతుంటే అమ్మాయి ఒక్కొక్కటే టైపు చేసింది. మళ్లీ స్టార్ట్ చేసి పెద్దాయన పేరు నొక్కింది. తుంటి ఎముక తెల్లగా తెరమీదికొచ్చింది. అమ్మాయి వెంటనే డాక్టరుకి ఫోన్ చేసింది.

మధ్యాహ్నం ఆపరేషన్ బాగా జరిగిందన్న కబురు వచ్చింది. దాని వెనకే సూపరింటెండెంటు గారు వచ్చారు.

"తప్పెక్కడ జరిగింది?"

అమ్మాయి ఉద్యోగం ఇంకా పర్మనెంటు కాలేదు. ఆమె నోరు తెరిచేలోపే మాస్టారు అందుకున్నారు.

"ఈ భవనం, రెండో అంతస్తు, మన గది, కిటికీకి ఎడమవైపు బల్ల, దాని వెనక కుర్చీ, అందులో..."

"చాలు చాలు! ఇకమీదట జాగ్రత్తగా ఉండండి," అంటూ ఆయన బతుకుజీవుడా అని బయటపడ్డారు.

అమ్మాయి కూర్చునేది కిటికీకి కుడివైపు.

"చిరునామా తప్పు చెప్పారు మాస్టారూ."

"నేనా? ముప్పై ఏళ్లలో ఒక్కసారి తప్పలేదు. నువ్వు రాసింది సరిచూడాల్సిన మనిషి ఆ కుర్చీలోనే ఉంటాడు." ఆయన ఎక్స్‌రేల దారంతా ఒక కాగితం మీద రాశారు. "ఇది కత్తిరించి నీ కంప్యూటర్‌కి అంటించుకో."

కత్తెర ఎక్కడుందో అమ్మాయికి తెలుసు. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని, గడ్డం కింద చెయ్యి పెట్టుకుని తీరిగ్గా కూర్చుంది.

"కత్తెర ఎక్కడుంది మాస్టారూ?"