కాపుకొచ్చిన పగ

బంగారుపాళ్యం పల్లెల్లో ప్రతీకారం అనే మాట పేపర్లో చదవడానికే. మనుషులు అనరు. గట్టు జరిపినవాడికి 'బుద్ధి చెప్పాల' అంటారు. చేలో మేకల్ని తోలినవాణ్ణి 'సూసుకుంటా' అంటారు. కసి అనేది జామకాయ కొరికే పిల్లల నోట కూడా వస్తుంది. పగ అని మాత్రం తలుపు మూసుకునే అంటారు.

ఎల్లప్ప ఇంట్లో ఆ మాట అతని భార్య సంతోషమ్మ అంది. మామిడికాయలు దొంగిలించాడని వాళ్ల కొడుకు మునికుమార్‌ను మామిడితోట ఆసామి గిరిప్రసాద్ తన తోటలోనే చెట్టుకు కట్టేయించి, పదిమంది ముందు చెప్పుతో కొట్టించాడు. మర్నాడు ఆ పిల్లాడు చెట్లకు కొట్టే మందు తాగి చచ్చిపోయాడు. కాయలు కోసింది ఇంకెవరో అని తర్వాత తేలింది. తేలినా ఎవరూ నోరు విప్పలేదు. గిరిప్రసాద్‌కు జడిసి గుంత తవ్వడానికి కూడా ఎవరూ రాకపోతే, రోడ్డుమీద టీకొట్టు శాంతయ్య ఒక్కడే పార పట్టుకొచ్చాడు.

"ఏమప్పా, గొడ్డలికి తుప్పు పట్టిందా?" అని ఎల్లప్పను ఎగతాళి చేసేవాళ్లు టీకొట్టు దగ్గర.

"ఆయప్పను ఇడిసిపెట్టండ్రా, కడుపుకోతలో ఉండాడు," అని శాంతయ్య కసిరేవాడు.

కాపు అయిపోయాక గిరిప్రసాద్ ఎప్పటిలాగే కబురంపాడు. ఎండుకొమ్మలు కొట్టడం, పురుగు పట్టకుండా మొదళ్లకు ఎర్రమట్టి, సున్నం పూయడం ఏటా ఎల్లప్ప పనే.

"జరిగిందేదో జరిగిందిరా. పని పనే కదా," అన్నాడు గిరిప్రసాద్.

"అంతే సామీ," అన్నాడు ఎల్లప్ప.

సంతోషమ్మ మొగుడి మొహాన ఉమ్మినంత పని చేసింది. "ఆ తోటకే పోతావా? నీకు సిగ్గుండాదా?"

"ఒక్క ఏడు ఓర్చుకో మే."

ఎల్లప్ప ప్రతి చెట్టుకూ మొదలు దగ్గర జానెడు మేర చుట్టూతా బెరడు ఒలిచి, చెక్క కనబడేదాకా గీకి, పైన మట్టి మెత్తి సున్నం కొట్టాడు. అట్లా ఒలిచిన చెట్టు వెంటనే చావదు. ఆ ఏడు ఆకు కనబడకుండా పూస్తుంది, కొమ్మలు విరిగేలా కాస్తుంది. ఆ తర్వాత నిలువునా ఎండుతుంది. వాడు మురిసిపోవాలి, మురిసినాక ఏడవాలి. ఎల్లప్పకు కావలసింది అదే.

తోట నిజంగానే విరగబూసింది. గిరిప్రసాద్ చుట్టాలను జీపుల్లో తెచ్చి చూపించాడు. "నీ చెయ్యి మంచిదిరా," అన్నాడు. ఎల్లప్ప తలకాయ ఊపాడు.

పిందె కట్టే రోజుల్లో టీకొట్టు మూతపడింది. శాంతయ్యే ఎల్లప్పను వెతుక్కుంటూ ఇంటికొచ్చాడు.

"గిరిప్రసాద్ తోట భూమితో సహా నేను కొన్నా అబ్బా! కొట్టు అమ్మేసినా, ఆడమనిషి మెడలోది కూడా అమ్మేసినా, మిగతాది అప్పు తెచ్చినా. ఆ పూత సూసినాక మనసు ఆగలేదు. ఆయప్ప తిరుపతిలో లాడ్జి కట్టుకుంటాడంట. నువ్వే కావిలి ఉండాల. ఆ చెట్ల సంగతి నీకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తాది?"

ఎల్లప్ప శాంతయ్య చేతుల వైపు చూశాడు. బెరడు ఒలిచిన సంగతి చెప్పాలనే నోరు తెరిచాడు. మునికుమార్ గుంత మీద మట్టి లాగిన చేతులవి. "ఉంటాలే అన్నా," అన్నాడు.

ఆ కాపు దిగింది. మరుసటి ఏడు పూత రాలేదు. చివుర్లు మాడి, ఆకులు పండుబారి రాలుతున్నాయి. శాంతయ్య, అతని పెళ్లాం బావి నుంచి బిందెలతో మోసి పోస్తున్నారు.

"ఏం తెగులప్పా ఇది?"

"ఏర్లకు తడి సాలలేదేమో అన్నా," అని ఎల్లప్ప బిందె ఎత్తుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సంతోషమ్మ గడపలో కూర్చుని ఉంది.

"ఆ గిరిప్రసాద్ ఎట్లుండాడు?"

"బాగుండాడంట."

ఆమె లేచి లోపలికి పోయింది. తెల్లారి ఎల్లప్ప సున్నం కలుపుకొని మళ్లీ తోటకు పోయాడు. వానకు ఒక చెట్టు మొదలు దగ్గర సున్నం పూత రాలి, కింద ఒలిచిన చెక్క కనబడుతోంది.