మేపుల్ సిరప్ పోసిన పులుసు

మా నాన్న పెళ్ళిళ్ళ వంటవాడు. నేను సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని. ఈ రెంటికీ మధ్య ఉన్నదల్లా మూడు నెలల కంప్యూటర్ కోర్సు. ఆ రోజులు అలాంటివి మరి. కీబోర్డు మీద చెయ్యి వేసిన ప్రతివాణ్ణీ విమానం ఎక్కించేస్తున్నారు. నన్ను తెచ్చి సింగపూర్‌లో దింపారు. రెండువేల సంవత్సరం వచ్చేలోగా పాత ప్రోగ్రాముల్లో సంవత్సరానికి రెండంకెలున్న చోటల్లా నాలుగంకెలు చెయ్యడం నా ఉద్యోగం. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే గోల. ఊళ్ళో మాత్రం అబ్బాయి కంప్యూటర్లు చేస్తున్నాడని మా నాన్న చెప్పుకునేవాడు.

టోవా పాయో అనే పేటలో ఒక ఆంటీ ఫ్లాట్‌లో గది అద్దెకు తీసుకున్నాను. ఆమె తాత విశాఖపట్నం వైపు నుంచి రబ్బరు తోటల్లో పనికి వచ్చినవాడట. ఆమె ఇక్కడే పుట్టి పెరిగి, ఒక బడి క్యాంటీన్లో ముప్పై ఏళ్ళు వండి మానేసింది. భర్త పోయాడు. ఒక్కతే కూతురు, పెళ్ళై పక్క పేట బిషాన్‌లో ఉండేది, ఆదివారం ఆదివారం వచ్చి వెళ్ళేది. ఆంటీ తెలుగులో తమిళం సగం, మలయ్ పావు. నన్ను తంబీ అనేది. నేను పెట్టె దించిన రోజే "తంబీ, మకాన్ అయ్యిందా?" అని అడిగింది. నేను వెర్రి మొహం వేసుకుని చూస్తుంటే, నోటికి ముద్ద పెట్టుకున్నట్టు చేత్తో చూపించి పకపకా నవ్వింది. ఇంటద్దెలో తిండి కలవలేదు. అయినా ఏడాది పాటు నా కంచం ఆమే పెట్టింది.

ఆ ఏడాది చివర ఆమె గొంతులో గడ్డ తేలింది. ఆస్పత్రిలో కరెంటు పెట్టారు, అదే రేడియేషన్. గడ్డ కరిగిందన్నారు, దాంతోపాటు నోటి రుచి కూడా పోయింది. అన్నం పెడితే ఇసుకలా ఉందనేది, కాఫీ ఇస్తే తుప్పు నీళ్ళనేది. నోరంతా పచ్చిపుండు. "కొండ నాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, అది నేనే తంబీ" అని తనమీద తనే నవ్వేది. నవ్వుతూనే చిక్కిపోయింది. బుధవారం బుధవారం ఆస్పత్రిలో బరువు చూసేవాళ్ళు. ఇంకో రెండు కిలోలు తగ్గితే ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేస్తామని డాక్టరు చెప్పేశాడు.

ఆ రోజు టాక్సీలో ఇంటికి వచ్చాం. తలుపు తీస్తూ ఆమె అంది. "గొట్టం ఏటి తంబీ? చెట్టుకి పోసినట్టు పోస్తారా? ముప్పై ఏళ్ళు పిల్లలకి వండి పెట్టినదాన్ని. నోటితో తినలేకపోతే నేను మనిషినేటి?"

 ఆ గొట్టం ఆమెకు పడకుండా చూడాలని ఆ క్షణంలో గట్టిగా అనుకున్నాను. ఆఫీసులో నేను చేసే పని ఉన్నా లేకపోయినా ఒకటే. ఇది అలా కాదనిపించింది.

వంట మా రక్తంలోనే ఉంది. మా నాన్న గాడిపొయ్యి మీద గుండిగ పెట్టి వెయ్యి మందికి పులుసు కాచేవాడు, ఒక్కసారి కూడా నాలుక మీద వేసుకునేవాడు కాదు. దేవుడికి పెట్టకముందు, పంక్తిలో విస్తరి పడకముందు వంటవాడి నోరు తగిలితే అది ఎంగిలే. ఉప్పు చేతికి తెలియాలి, పులుపు ఆవిరికి తెలియాలి అనేవాడు. పదేళ్ళప్పుడు నేను గరిటెడు పులుసు ఊదుకుని తాగుతుంటే చూసి చెంప పగలగొట్టాడు. ఆ దెబ్బతో నేను కూడా జన్మలో మరి రుచి చూడలేదు. వండుతాను, వాసన చూస్తాను, దించుతాను. నేను తినేది అందరి తర్వాతే.

కాబట్టి ఆంటీకి వండటం మొదలుపెట్టాను. గంజి, మెత్తటి పప్పు, జావ. ఏది పెట్టినా రెండు చెంచాలు మింగి "పోదుం" అని గిన్నె పక్కకి నెట్టేది. తమిళంలో చాలని. నాకు ఒళ్ళు మండేది, ఆమె మీద కాదు.

అప్పుడే మా ఆఫీసులో కెనడా మేనేజరు ఒకడు సెలవుకి వెళ్ళి వస్తూ తలా ఒక మేపుల్ సిరప్ డబ్బా తెచ్చిచ్చాడు. అదేదో చెట్టు నీళ్ళు మరగకాచి చేస్తారట. ఇంటికి తెచ్చి మూత తీస్తే, మాకు తెలిసిన బెల్లప్పాకం వాసన కాస్త, కాలిన కట్టె వాసన కాస్త. ఆంటీ కుర్చీలోంచి ఏమిటది అని చెయ్యి చాపింది. చెంచాలో పోసి ఇచ్చాను. నాలుక చివర పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ఏటిది? బెల్లమా? కాదే... అయ్యయ్యో, తంబీ! ఏదో తెలుస్తా ఉంది!"

ఏడ్చేసింది. సిగ్గెందుకు, నేనూ ఏడ్చాను.

ఇక చూడండి నా వీరంగం. గుమ్మడికాయ పులుసులో బెల్లం తీసేసి మేపుల్ సిరప్. పలచటి గంజిలో అల్లం రసం, కాస్త సోయాసాస్, పైన మేపుల్ సిరప్. గుడ్డు గిలకొట్టి ఆవిరి మీద ఉడికించి దానిమీద మేపుల్ సిరప్. కింద హాకర్ సెంటర్లోని తిండి కొట్ల నుంచి మెత్తటి సోయా పెరుగు తెచ్చి, వాళ్ళు పోసిన చక్కెర పాకం వంపేసి మళ్ళీ మేపుల్ సిరప్. మొదటి డబ్బా వారానికే అయిపోతే, సూపర్ మార్కెట్లో సీసాలు వెతికి తెచ్చాను. ఆంటీ ఇంట్లో ఓవెన్ ఉండేది, దీపావళికి బిస్కెట్లు చేసేదట. నేను దాన్ని ముట్టి ఎరగను. కుర్చీలో కూచుని ఆమె చెప్తుంటే, వెన్న గిలకొట్టి, గుడ్లు కొట్టి, చక్కెర సగం తగ్గించి సిరప్ పోసి కేక్ కాల్చాను. మధ్యలో కుంగింది. ఆ కుంగిన ముక్కే పాలలో నానబెట్టి ఆమెకి పెట్టాను. తిన్నది.

ఒక ఆదివారం వంటవాడి కొడుకు పొగరు ఎక్కువై, ఈ సిరప్‌తో అరిసెల పాకం పట్టేస్తానన్నాను. పళ్ళెంలో నీళ్ళు పోసి, చుక్క వేసి చూస్తూ నిలబడ్డాను. తీగ పాకం దాకా బుద్ధిగానే వచ్చింది. ఉండ కడుతుందని తిప్పానో లేదో, గిన్నెలో మొత్తం పొడిపొడిగా ఇసుకైపోయింది. ఆంటీ పడీ పడీ నవ్వింది. ఆమె కూతురు వచ్చి ఆ పొడి నోట్లో వేసుకుని "నైస్ లా! షుగర్ వాట్!" అని సింగపూర్ ఇంగ్లీషులో అంది. ఆ పొడే గంజిలో చల్లి పెట్టాను. ఆంటీ గిన్నె ఖాళీ చేసింది.

ప్రతిసారీ నేను ఒకటే అడిగేవాణ్ణి. "ఎలా ఉందాంటీ?" ఆమె కాసేపు ఆలోచించి చెప్పేది. నిన్నటికంటే మెరుగనో, అల్లం కాస్త ఎక్కువైందనో, కట్టె వాసన బాగా తెలుస్తోందనో. ఒక బుధవారం బరువు తగ్గలేదు. రెండో బుధవారం కూడా తగ్గలేదు. మూడో బుధవారం పావుకిలో పెరిగింది. నర్సు బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆ సాయంత్రం నేను మా నాన్నకి ఫోన్ చేసి చెట్టు నీళ్ళ సంగతి చెప్పాను. "బెల్లం కంటే గొప్పదేముందిరా వెధవా" అన్నాడు గానీ సంతోషించాడు.

తర్వాత వచ్చిన శనివారం మధ్యాహ్నం గుమ్మడికాయ పులుసు మరుగుతోంది. చింతపండు చిక్కగా పిసికి పోశాను, సిరప్ పడితే సరిపోతుందని. సీసా చేతిలోకి తీసుకున్నాను. ఆఫీసు నుంచి ఫోన్. ఎవడో మార్చిన ప్రోగ్రాం ఎక్కడో కూలిపోయిందట, నా ప్రాణం తీశారు. ఇరవై నిమిషాలు మాట్లాడి వచ్చి, పులుసు దించి, అన్నం మెత్తగా మెదిపి కలిపి గిన్నె ఆమె చేతికిచ్చాను.

ఆంటీ మొదటి చెంచాకి ఆగింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రెండో చెంచా తిన్నది, మూడోది తిన్నది. కళ్ళ నీళ్ళు కారుతూనే ఉన్నాయి. అంత బాగుందా అని పొంగిపోయాను నేను, గాడిదని. "ఎలా ఉందాంటీ?" అన్నాను.

"సిరప్ బాగా పట్టింది తంబీ. ఇన్నాళ్ళలో ఇదే బాగుంది" అంది. గిన్నె ఖాళీ చేసి, పైట కొంగుతో మొహం తుడుచుకుని, వెళ్ళి పడుకుంది.

నేను వడ్డించుకుని కూచున్నాను. ముద్ద నోట్లో పెట్టగానే దవడలు పీక్కుపోయాయి. ఒట్టి పులుపు. అబ్బ, పుండు లేని నా నోరే భగ్గుమంది. లేచి చూద్దును కదా, సీసా పొయ్యి పక్కనే ఉంది, మూత చుట్టూ ప్లాస్టిక్ కాగితం కూడా ఊడలేదు.

అన్నం అక్కడే వదిలేశాను. ఆమె గదిలోకి వెళ్ళి గోడకి ఆనుకుని నిలబడ్డాను. ఆమె నిద్రపోవడం లేదు, పైకి చూస్తూ పడుకుని ఉంది.

"ఆంటీ, అందులో సిరప్ వెయ్యలేదు. మర్చిపోయాను."

ఆమె దుప్పటి మీదికి లాక్కుంది.

"నిజం చెప్పండి. ఎప్పట్నుంచి తెలియడం లేదు?"

"ఎందుకు తంబీ ఇప్పుడు?"

"చెప్పాలి మీరు."

పైకప్పు కేసే చూస్తూ అంది. "మొదటి డబ్బా తెచ్చినావే, ఆ రోజు తెలిసింది. నిజంగానే తెలిసింది. మర్నాటి నుంచి లేదు."

"మరి అల్లం ఎక్కువైందన్నారు, కట్టె వాసన అన్నారు..."

"ముప్పై ఏళ్ళు వండినాను. నువ్వేది వేస్తున్నావో కుర్చీలోంచి కనిపిస్తది కదా. ఈ రోజు సీసా ఎత్తినావు, పోసినావనుకున్నాను."

"నోరు మండుతుంటే ఎలా మింగారు? ఎందుకు మింగారు?"

"నువ్వు ఆఫీసు నుంచి వచ్చి చొక్కా కూడా మార్చకుండా పొయ్యి దగ్గర నిలబడతావు. గిన్నె ఇచ్చి నా మొహం కేసి చూస్తావు. ఆ మొహం చూస్తా తినేసినాను. రుచి లేకపోయినా ఒక పని ఉన్నట్టు ఉండేది, నీకు బాగుందని చెప్పే పని." గోడవైపు తిరిగింది. "ఇప్పుడు నీకు తెలిసిపోయింది. ఇంక ఎలా తినేది?"

నేను ఆ మాటని పట్టించుకోలేదు. మాటవరసకి అందనుకున్నాను. సాయంత్రం గంజి కాచి తీసుకెళ్తే ఒక చెంచా నోట్లో పెట్టుకుని, నా కళ్ళలోకి చూసి, గిన్నెలోకి ఉమ్మేసింది. ఆమె అలా చెయ్యడం అదే మొదలు. మర్నాడు కేక్ చేశాను. సోయా పెరుగు తెచ్చాను. నేను గదిలో ఉండనని, చూడనని, ఏమీ అడగనని చెప్పి గిన్నె అక్కడ పెట్టి బయట నిలబడ్డాను. తిరిగొచ్చి చూస్తే పెట్టింది పెట్టినట్టే ఉంది. కోపం వచ్చి అరిచాను కూడా. "తినకపోతే చస్తారు, తెలుసా!" అన్నాను. తెలుసన్నట్టు తలూపింది.

బుధవారం ఒకటిన్నర కిలోలు తగ్గింది. పై బుధవారం చూడాల్సిన పనే లేకపోయింది. గొట్టం వేసి పంపించారు. ముక్కు పక్కన తెల్ల ప్లాస్టర్ అంటించి ఉంది. ఆమె అద్దం కేసి ఒక్కసారి చూసుకుని, కూతురితో అద్దం తీయించేసింది.

ఆ ఆదివారం కూతురు డబ్బా పాలు సిరంజితో ఎక్కిస్తుంటే నేను గొట్టం పైకెత్తి పట్టుకున్నాను. డబ్బా మీద వనిల్లా అని రాసి ఉంది. ఎవరి నాలుక కోసమో తెలియదు. ఆంటీ కళ్ళు మూసుకునే ఉంది. పని అయ్యాక వంటింట్లో సిరంజి కడుగుతూ, వెనక్కి తిరక్కుండానే, కూతురు తనకొచ్చిన తెలుగులో అంది. "మమ్మీకి టేస్ట్ లేదని నాకు తెలుసు. ఫస్ట్ వీక్ నుంచీ తెలుసు. నేను అడగలేదు కదా. షి వాజ్ ఈటింగ్, వాట్. నువ్వెందుకు అడిగావు?"

ఆమె కోసమే అడిగానని అబద్ధం చెప్పొచ్చు. నేను అడిగింది నా వంట గురించి. మూడు వారాలు ఆమె మెచ్చుకున్నది నా పులుసునో కాదో నాకు తెలియాలి, ఆ క్షణంలో నాకు కావలసింది అంతే.  చేతులు కడుక్కుని నా గదిలోకి వెళ్ళిపోయాను.

ఆంటీ ఆ తర్వాత నలభై రోజులు బతికింది. నోటితో ఏమీ తినలేదు.