కారం రుచి కాదన్నందుకు

డీఎస్సీలో సైన్సు టీచరు ఉద్యోగం వచ్చి కోయిలకుంట్లలో కాపురం పెట్టిన కొత్తలో, ఇంట్లో కూడా పాఠాలు చెప్పే జబ్బు నాకుండేది. ఒక ఆదివారం పొద్దున బొరుగుల ఉగ్గానిలోకి మిరపకాయ బజ్జీ కొరుక్కుంటూ, కారం అసలు రుచే కాదని మా ఆవిడతో అన్నాను. నాలుక మీద నొప్పిని పసిగట్టే నరాలుంటాయని, అవి మిరపను నిప్పుగా పొరబడి మెదడుకు కబురు పంపుతాయని చెప్పాను.

"నొప్పి అంటాండారు గదా, ఇంగ మీకెందుకు" అని ఆమె బజ్జీల పళ్లెం తనవైపు లాక్కుంది.

నాకు ఒళ్లు మండింది. పంతానికి పోయి వట్టి ఉగ్గాని తిన్నాను. అది గొంతు దిగలేదు. ఎదురుగా ఆమె ముక్కు ఎగబీలుస్తూ, కళ్లు తుడుచుకుంటూ హాయిగా తింటోంది.

కాసేపటికి నేనే చెయ్యి చాపాను.

"అంత నొప్పి నువ్వొక్కదానివే యాడ పడతావులే, ఇట్ల తే" అన్నాను.